రబ్బరుకై బ్రతుకు ధారవోసిన చార్లెస్ గుడ్‌ఇయర్

1969వ సంవత్సరమున జపానుదేశపు హోండా కంపెనీవారు సీబీ 750 అను మోటారు సైకిలును అమ్మకమునకు తెచ్చిరి. విస్తారముగా తయారైన మోటారు సైకిళ్ళలో ముందు చక్రమునకు ద్రవపు ఒత్తిడిచే పనిచేయు డిస్కు బ్రేకును మొట్టమొదట తెచ్చినది ఇదియే యని ప్రసిద్ధి. ఆ కాలపు బండ్లకు నేడు ఏబది యేండ్లు దాటినవి. ఐనను వానిని తుడిచి, మెరుగుపెట్టి, ఇంటిబిడ్డలవలె చూచుకొనువారు పలుదేశములలో కలరు. ఏండ్ల తరబడి కొట్టములో దుమ్ముపట్టి పడియున్న అట్టి బండిని మరల బాటమీదికి తెచ్చువాడు సామాన్యముగా ముందు ఇంజను సంగతి విచారించును. నిజమునకు ముందు చూడవలసినది అది కాదు. చేతి లీవరు చెంతనుండి ముందు చక్రమువరకు దిగుచుండు, చిటికెనవ్రేలి లావుగల నల్లని గొట్టమును చూడవలెను. బండి కదలకున్న ప్రమాదము లేదు. కదలిన బండి నిలువకున్న ప్రాణములే పోవును.

ఆ గొట్టము చేయు పని విద్యార్థులు తెలిసికొనదగినది. లీవరును నొక్కినపుడు దాని ప్రక్కనున్న చిన్న సిలిండరులోని పిస్టను బ్రేకు ద్రవమును ముందునకు త్రోయును. మూసియున్న పాత్రలోని ద్రవమునకు ఒకచోట కలిగించిన ఒత్తిడి తగ్గక అన్నివైపులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశీయుడైన పాస్కల్ నిరూపించిన సంగతి పై తరగతులవారు చదివియే యుందురు. చక్రము కడనున్న పిస్టను వైశాల్యము పై పిస్టనుకంటె తొమ్మిది రెట్లున్నచో బలమును తొమ్మిది రెట్లగును. కావుననే రెండు వ్రేళ్ళతో నొక్కి నిండు వేగమున పోవు బండిని నిలుపగలుగుచున్నారు. ఐతే ముందు చక్రము గోతులలో పడి లేచుచుండును. చేతిపిడి ఇటునటు తిరుగుచుండును. పైనుండి క్రిందివరకు ఇనుప గొట్టమునే బిగించినచో అది నాలుగు దినములలో విరిగిపోవును. ఇచ్చట కావలసిన వస్తువు వంగవలెను గాని ఒత్తిడికి ఉబ్బరాదు. ఎండకు కరగరాదు, చలికి పెళుసుబారరాదు. ఇట్టి పరస్పర విరుద్ధ గుణములను ఒకచోట కూర్చుటకై రబ్బరు పొరల నడుమ గట్టి నూలు అల్లికను చుట్టి గొట్టమును చేయుదురు.

ఈ గొట్టమునకును ముసలితనము కలదు. గాలిలోని ఆక్సిజను, ఓజోను, ఎండ, ఇంజను వేడి దానిని నెమ్మదిగా చెరచును. వంచి చూచినచో పైన సన్నని బీటలు కనబడును. కొన్నిటికి పైన ఏ మచ్చయు నుండదు. లోపలి పొర ఉబ్బి దారి ఇరుకైపోయి యుండును. అప్పుడు చేతిబలము ద్రవమును క్రిందికి పంపును గాని, లీవరు వదలినపుడు ద్రవము సులభముగా పైకి తిరిగిరాజాలదు. బ్రేకు పట్టు విడువక డిస్కు కాగిపోవును. మరికొన్నిటిలో గొట్టమే ఒత్తిడికి ఉబ్బుటచే లీవరు మెత్తగా దిగిపోవును. ఇట్టిదానికి అతుకులు పనికిరావు. తీసివేసి క్రొత్తదానిని వేయవలసినదే.

ఆ పని చూచుటకు చిన్నది, ఓర్పు మాత్రము చాల కావలెను. బ్రేకు ద్రవము రంగును తినివేయును గనుక పెట్రోలు టాంకుపై గుడ్డ కప్పి, పాత ద్రవమును తీసివేసి, గొట్టము కొనలయందుండు బోలు బోల్టులను విప్పవలెను. మరల బిగించునపుడు పాత రాగి వాషర్లను పెట్టరాదు; ఒకసారి నలిగిన రాగి రెండవమారు సరిగా కూర్చుండదు. గొట్టము మెలిపడకుండ బిగించి, చేతిపిడిని ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పి, ముందు ఫోర్కును అణచి చూచి, గొట్టము ఎక్కడను లాగుకొనుట లేదని, చక్రమును తాకుట లేదని రూఢిచేసికొనవలెను. పిదప ఆ బండికి చెప్పిన జాతి ద్రవమునే పోయవలెను. గ్లైకాలు ద్రవమునకై చేసిన రబ్బరునకు ఖనిజ తైలము తగిలినచో అది ఉబ్బి చెడును. కడపట గాలి తీయుట. లీవరు నొక్కిపట్టి, క్రింది నిపిలును వదలుచేసి, బుడగలతో ద్రవము రాగానే దానిని బిగించి, అటుపిమ్మటనే లీవరును వదలవలెను. ఇట్లు బుడగలు ఆగువరకు చేయవలెను. ఈలోగా పై తొట్టి ఒక్కసారి ఎండినను గాలి మరల చొచ్చి, పని మొదటికి వచ్చును. ద్రవము నొక్కుటకు లొంగదు, గాలి లొంగును. ఒక్క బుడగ మిగిలినను వ్రేళ్ళ బలము దానిని కుదించుటకే ఖర్చగును. లీవరు గట్టిగా నిలిచినపుడే పని ముగిసినట్లు. బాలురు ఈ పనిని చూచి నేర్చుకొనవచ్చును గాని, తెలిసినవారు దగ్గర లేనిదే చేయరాదు.

ఇట్లు అర్ధశతాబ్దము ఎండకు వానకు ఓర్చి, వేలమార్లు వంగి లేచిన రబ్బరు సహజముగా చెట్టునుండి వచ్చినది కాదు. చెట్టునుండి వచ్చు పచ్చి రబ్బరు ఒక వేసవికైనను ఓర్వదు. దానికి ఓర్చు గుణమిచ్చినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్. నేడు బ్రేకు గొట్టములలో తరచుగా కృత్రిమ రబ్బరులనే వాడుచున్నారు. ఐనను పచ్చి బంకను మందులతో కలిపి, వేడిచే పదునుపెట్టు పద్ధతికి మూలము ఆతని పొయ్యియే. ఆతని కథ సుఖాంతము కాదు. ఆతడు నిర్దోషియును కాడు.

చార్లెస్ 1800 సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కనెక్టికట్ రాష్ట్రపు న్యూ హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆమాసా గుడ్‌ఇయర్ బొత్తాములను, సేద్యపు పనిముట్లను చేయించి అమ్మువాడు. క్రొత్త పనిముట్లను స్వయముగా ఊహించి చేయగల నేర్పరి. చార్లెస్ బాల్యము వీడకమునుపే ఫిలడెల్ఫియా నగరమునకు పోయి ఇనుపసామాను వ్యాపారము నేర్చి, ఇరువది యొకటవ యేట తిరిగివచ్చి తండ్రితో భాగస్థుడాయెను. 1824లో క్లారిస్సా బీచర్ అను కన్యను వివాహమాడెను. 1826లో దంపతులు ఫిలడెల్ఫియాకు పోయి, స్వదేశమున చేసిన ఇనుపసామానును అమ్ము దుకాణము తెరచిరి. ఇంగ్లండునుండి దిగిన సరకే సరకను నమ్మకము ప్రబలియున్న ఆ దినములలో అది సాహసమే. కొన్నాళ్ళు బాగుగనే సాగినది. పిదప అరువిచ్చిన బాకీలు రాక, అజీర్ణవ్యాధి పైబడి, 1830 నాటికి వ్యాపారము కూలిపోయెను. దివాలా ప్రకటించుకొనిన బాకీలు తొలగెడివి. కాని అట్లు చేసిన తన చేతిలోనున్న అసంపూర్ణపు యంత్రకల్పనలు చేజారునని తలచి, అతడు అందుకు ఒప్పుకొనలేదు. అప్పు తీర్చలేనివానిని చెరలో పెట్టుట ఆనాటి చట్టము. అట్లు అతడు మొదటిసారి చెరసాల చూచెను. ఇట్టి చెరలు అటుపిమ్మట ఎన్ని జరిగెనో!

1834లో అతడు న్యూయార్కు నగరమున రాక్స్‌బరీ ఇండియా రబ్బరు కంపెనీవారి దుకాణములో, నీట పడినవానిని తేల్చు రబ్బరు తొడుగు నొకదానిని చూచెను. దానికి గాలి నింపు కవాటము సరిగా లేదని తోచి, మేలైనదానిని చేసి కొంతకాలమునకు మరల తీసికొనిపోయెను. అక్కడి ప్రతినిధి కవాటమును మెచ్చుకొనెను గాని కొనలేదు. చెడినది కవాటము కాదు, రబ్బరే యని కంపెనీ రహస్యమును విప్పి చెప్పెను.

ఇచ్చట రబ్బరు పూర్వకథ కొంచెము చెప్పవలెను. అది కొన్ని అడవిచెట్లకు గాటుపెట్టిన కారు పాలు గడ్డకట్టగా వచ్చు బంక. మెక్సికో ప్రాంతపు ఆదివాసులు మూడువేల యేండ్లకు పూర్వమే ఒక తీగ రసమును ఆ పాలలో కలిపి, ఎగురు బంతులను చేసికొనిరి. ఐరోపావారికి మాత్రము అది చాలకాలము వింతవస్తువుగనే యుండెను. పెన్సిలు గీతలను తుడుచుటకు పనికివచ్చునని 1770లో ఇంగ్లండున ప్రీస్ట్‌లీ వ్రాసెను. రుద్దునది యను అర్థముగల రబ్బరు అను పేరు ఆ వాడుకవలననే నిలిచెను. ఇండియా రబ్బరు అని పిలుచుచు వచ్చిరి గాని అప్పుడు దానితో మన దేశమునకు సంబంధము లేదు. అమెరికా ప్రాంతములను పడమటి ఇండియాలని పిలిచిన పొరపాటు ఫలమది. 1823లో గ్లాస్గో నగరమున మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటులను చేసెను. 1830 దాటిన పిమ్మట అమెరికాలో రబ్బరు పిచ్చి బయలుదేరి, బూట్లు, కోటులు, గొడుగుగుడ్డలు చేయుటకు కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. చలికాలము రాగానే బూట్లు కొయ్యవలె బిగిసెను. వేసవి రాగానే కరగి, జిగురై, భరింపరాని కంపు కొట్టెను. అమ్మిన సరకెల్ల తిరిగివచ్చెను. సొమ్ము పెట్టినవారు తలలు పట్టుకొనిరి.

ఈ రోగమునకు మందు కనిపెట్టుట తన పని యని గుడ్‌ఇయర్ నిశ్చయించుకొనెను. రసాయనశాస్త్రము చదివినవాడు కాడు. చేతిలో కాసు లేదు. ఫిలడెల్ఫియాకు తిరిగిరాగానే అప్పులవారు మరల చెరలో వేయించిరి. అక్కడికే భార్యచేత పచ్చి రబ్బరును, ఆమె వంటయింటి అప్పడాల కఱ్ఱను తెప్పించుకొని, బంకను చేతులతో పిసికి, కఱ్ఱతో ఒత్తుచు శోధన మొదలిడెను. జిగురును పొడి పీల్చుకొనునేమో యను సులభమైన ఊహ ఆతని మొదటి ఊహ. మెగ్నీషియా కలిపి చూచెను. తెల్లని అందమైన రేకు వచ్చినది. ఎండలు ముదరగానే అదియు మెత్తబడెను. సున్నపునీటిలో ఉడికించి చూచెను. ఈ మారు జిగురు పోయినది. బహుమానమును వచ్చినది. కాని ఆ గుడ్డపై పండ్లరసము ఒక్క బొట్టు పడినను చాలును, ఆ చోట మరల జిగురు తేలుచుండెను. ఆమ్లము సున్నపు గుణమును హరించుటయే అందుకు కారణము. ఆ బొట్టు మచ్చలే ఆతని రెండవ గురువు.

ఒకనాడు రబ్బరు గుడ్డపై వేసిన కంచుపూత నచ్చక, నత్రికామ్లముతో కడిగెను. గుడ్డ నల్లబడినందున పారవేసి, తరువాత ఏమో తోచి తిరిగి తెచ్చి తడవి చూడగా, పైపొర నునుపై జిగురు లేక యుండెను. 1837లో ఈ పద్ధతికి పేటెంటు లభించెను. మూసిన గదిలో ఆమ్లపు పొగను పీల్చి ఒకసారి చావు తప్పించుకొని, వారముల తరబడి జ్వరమున పడియుండెను. సొమ్ము పెట్టు భాగస్థుడు దొరకెను. మంచిదినములు వచ్చినవని తలచునంతలో, ఆ సంవత్సరమే అమెరికా అంతటను గొప్ప వర్తకసంక్షోభము పుట్టి, భాగస్థుడును, కార్ఖానాయును కొట్టుకొనిపోయిరి. కుటుంబముతో స్టాటెన్ దీవిలోని పాడుపడిన రబ్బరు కార్ఖానాలో తలదాచుకొని, చేపలు పట్టి పొట్ట పోసికొనెను. రబ్బరు టోపీ, రబ్బరు కోటు, రబ్బరు బూట్లు తొడిగి వీథులలో తిరుగుచుండెను. అతనిని గుర్తించుట యెట్లని యడిగినవారికి, రబ్బరు దుస్తులలోనుండి, జేబులో కాసు లేని రబ్బరు సంచి పెట్టుకొనినవాడే యతడని పరిహాసముగా చెప్పుచుండెడివారట.

తరువాత మసాచుసెట్సు రాష్ట్రపు వూబర్న్ గ్రామమున నథానియల్ హేవార్డు అను పనివాడు పరిచితుడాయెను. రబ్బరుపై గంధకము చల్లి ఎండలో ఆరబెట్టిన జిగురు తగ్గునని ఆతడు కనిపెట్టియుండెను. ఆ హక్కును గుడ్‌ఇయర్ కొనెను. ఆ నమ్మకముతో ప్రభుత్వపు తపాలాశాఖవారికి నూటయేబది సంచులు చేసి యిచ్చుటకు ఒప్పుకొని, చేసి, అందరికి చూపి, కొంతకాలము ఊరు విడిచిపోయి తిరిగివచ్చునప్పటికి, సంచులు వేడికి సాగి, పిడులు ఊడి, చెడియుండెను. నత్రికామ్లముగాని, ఎండలోని గంధకముగాని పైపొరనే బాగుచేయుచుండెను. లోపలి రబ్బరు పచ్చిదిగనే యుండెను. ఆప్తులు ఇక చాలింపుమనిరి. వారి మాట తప్పని యెవరు చెప్పగలరు?

1839లో వూబర్నుననే ఆ ప్రసిద్ధ సంఘటన జరిగెను. గంధకము కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాగుచున్న పొయ్యికి తగిలెను. చేయి జారి తగిలెనని కొందరు, వాదనలో చేయి ఊపుచుండగా ఎగిరిపడెనని కొందరు వ్రాసిరి. పచ్చి రబ్బరైన కరగి కారవలెను. అది కరగలేదు, తోలువలె మాడినది. మాడిన భాగమునకును మాడని భాగమునకును నడుమ సన్నని అంచు ఒకటి మాడకయు, జిగురు లేకయు, సాగుచు నుండెను. ఆ గదిలో నున్నవారు దానిని విశేషముగా గమనింపలేదు. గుడ్‌ఇయర్ మాత్రము దానిని రాత్రి బయటి చలిలో మేకుతో కొట్టి యుంచి, తెల్లవారి చూడగా, చలికి బిగియక మునుపటివలెనే వంగుచుండెను. దీనిని కేవలము అదృష్టమందురు. ఐదేండ్లు అదే ధ్యానమున నున్న కన్ను గాకున్న ఆ అంచు ఎవరికి కనబడును?

లోపల జరిగినదేమో ఆతడు ఎన్నడును తెలిసికొనలేదు. రబ్బరు అణువులు మిక్కిలి పొడవైన దారములవంటివని జర్మనుదేశీయుడైన స్టాడింగర్ 1920లో ప్రతిపాదించిన తరువాతగాని సంగతి స్పష్టపడలేదు. పచ్చి రబ్బరులో ఈ దారములు ఒకదానిపై నొకటి జారును; అందుచే జిగురు. వేడి తగిలినపుడు గంధకము దారమునకు దారమునకు నడుమ ముడులు వేయును. ముడిపడిన వల సాగును, వదలిన యథాస్థానమునకు వచ్చును, కరగదు. ముడులు కొలదిగా నున్న మెత్తని రబ్బరు. మిక్కిలి యెక్కువైన దువ్వెనలు చేయు నల్లని గట్టి రబ్బరు. ఏండ్లు గడచినకొలది గాలిలోని ఆక్సిజను కొన్ని దారములను తెంపి, కొన్నిటిని అదనముగా ముడివేయును. పాత గొట్టము బీటలువారుట ఇందువలననే. గుడ్‌ఇయర్ ఇచ్చిన ఓర్పు చిరకాలముండునది గాని శాశ్వతమైనది కాదు.

మాడిన తోలుముక్కనుండి నమ్మదగిన పద్ధతికి పోవుటకు మరి యైదేండ్లు పట్టినవి. ఎంత గంధకము, ఎంత వేడి, ఎంతసేపు? భార్య రొట్టె కాల్చిన పొయ్యిలో మిగిలిన వేడిని వాడుకొనెను. ఆమె గిన్నెలలో ఉడికించెను, బూడిదలో కుమ్మెను, కెటిలు మూతినుండి వచ్చు ఆవిరికి పట్టెను. పనివారు ఇండ్లకు పోయిన పిమ్మట ఇతరుల కార్ఖానాల పొయ్యిలను బ్రతిమాలి వాడుకొనెను. కడకు సుమారు 270 ఫారన్‌హీటు డిగ్రీల ఆవిరిలో కొన్ని గంటలుంచిన సమముగా పదునెక్కునని తేల్చెను.

ఈ యేండ్లలో ఆ యింట జరిగినదానిని చెప్పక తప్పదు. అతడు ఇంటి సామానులను ఒక్కొక్కటిగా కుదువబెట్టెను. కడపట ఏమియు మిగులకుండ, బిడ్డల బడిపుస్తకములను అయిదు డాలర్లకు అమ్మెను. ఈ సంగతిని ఆతడే తరువాత గ్రంథస్థము చేసెను. పట్టుదలను పొగడుచు ఈ కథను వ్రాయువారు ఈ పుస్తకములను ఆతని త్యాగములలో చేర్చి లెక్కించుట కలదు. ఆ లెక్క నాకు సమ్మతము కాదు. పుస్తకములు బిడ్డలవి, త్యాగము చేసినదియు బిడ్డలే, అదియు వారి సమ్మతి లేకయే. ఏబది డాలర్లు అప్పు దొరకునేమో యని ఆతడు ఒకమారు బోస్టను నగరమునకు పోగా, అప్పు దొరకలేదు సరికదా, బసచేసిన యింటికి ఇయ్యవలసిన అయిదు డాలర్లకై చెరలో వేసిరి. విడుదలయై ఇల్లు చేరునప్పటికి, తాను పోవునాటికి ఆడుకొనుచుండిన రెండేండ్ల పసివాడు మరణశయ్యపై నుండెను. ఆ దంపతుల బిడ్డలలో పసితనముననే పోయినవాడు వీడొక్కడే కాడు. క్లారిస్సా యేమనెనో, ఏమనుకొనెనో ఎవరును వ్రాసి పెట్టలేదు. అప్పడాల కఱ్ఱనుండి గిన్నెలవరకు ఆమె వంటయిల్లే ఆ శోధనశాల యైనను, చరిత్రలలో ఆమెకు దక్కినది రెండు మూడు వాక్యములే.

ఐనను ఆతని నడతలో ఒక విచిత్రమైన నిజాయితీ యుండెను. ఈ దారిద్ర్యములోనే ఫ్రాన్సునుండి ఒక వ్యాపారి నత్రికామ్లపు పద్ధతికి మంచి వెల ఇచ్చెదనని వ్రాయగా, త్వరలో దానికంటె మేలైనది రానున్నది, ఇది కొని నష్టపోవలదని గుడ్‌ఇయర్ ప్రత్యుత్తరము పంపెను. దీనిని ధర్మమందుమా, ఇంటివారి యెడల నిర్దయ యందుమా? తలిదండ్రులైన పాఠకులు తమలో తామే తీర్పు చెప్పుకొందురు గాక.

కడకు ఆతని బావ విలియం డి ఫారెస్టు అను ఉన్నివస్త్రముల వ్యాపారి చేయూతనిచ్చెను. ఆతడు క్రమక్రమముగా పెట్టిన సొమ్ము 46,000 డాలర్లకు చేరినదట. గుడ్డలో రబ్బరు దారములు నేసి ముడుతలు పడునట్లు చేసిన సరకు వాడుకలోనికి వచ్చి, కొంత రాబడి కలిగెను. 1844 జూను 15వ తేదీన 3,633వ నంబరు గల పేటెంటు గుడ్‌ఇయర్ పేర వెలువడెను. కాని అట్లాంటికు సముద్రమున కావలివైపున ఆతడు ఆలస్యము చేసెను. ఆతడు చేసిన రబ్బరు ముక్కలు ఇంగ్లండు చేరి, 1820 నుండియు రబ్బరు పనిలో ఆరితేరిన తామస్ హాన్కాక్ చేతబడెను. వానిపై గంధకపు జాడ ఆతనికి కనబడెను. స్వయముగా శోధించి, 1843 నవంబరులోనే ఇంగ్లండున పేటెంటునకు దరఖాస్తు చేసెను. గుడ్‌ఇయర్ దరఖాస్తు కొన్ని వారములు వెనుకబడెను. రోమనుల అగ్నిదేవుడైన వల్కన్ పేరున ఆ క్రియకు వల్కనీకరణమను పేరు పెట్టినదియు హాన్కాకు మిత్రుడే. హాన్కాకును దొంగ యనుట న్యాయము కాదు. ఆతడు పండితుడైన పనివాడు. ఐనను మొదటి ముక్క ఎవరి పొయ్యినుండి వచ్చినదో ఆతనికి తెలియును.

స్వదేశమునను అనుమతి లేకయే ఆ పద్ధతిని వాడుకొనువారు పెక్కురు బయలుదేరిరి. 1852లో న్యూజెర్సీ రాష్ట్రపు ట్రెంటన్ నగరమున హోరెస్ డే యనువానిపై జరిగిన వ్యాజ్యెము గొప్ప రబ్బరు వ్యాజ్యెమని పేరొందెను. అప్పటికి ప్రభుత్వమున విదేశాంగమంత్రి పదవిలోనుండిన డేనియల్ వెబ్‌స్టర్ స్వయముగా గుడ్‌ఇయర్ పక్షమున వాదించెను. ఆ వాదనకు ప్రతిఫలము 15,000 డాలర్లు. తీర్పు గుడ్‌ఇయర్‌కు అనుకూలమాయెను. ఇంతటి గెలుపు తరువాతనైనను ఆ కుటుంబము కుదుటపడవలసినది. కాని గుడ్‌ఇయర్ పరులకు పద్ధతిని వాడుకొను హక్కును మిక్కిలి చౌకగా ఇచ్చివేయుచుండెను. వచ్చినదంతయు మరల క్రొత్త శోధనలకు, వ్యాజ్యెములకు, ప్రదర్శనలకు పోయుచుండెను. 1851లో లండను మహాప్రదర్శనమున బల్లలు, కుర్చీలు, గోడలు సమస్తము రబ్బరుతో చేసిన శాలకు 30,000 డాలర్లు, 1855లో ప్యారిసు ప్రదర్శనమునకు 50,000 డాలర్లు వెచ్చించెను. రబ్బరును గూర్చి గ్రంథమును వ్రాసి, దానిని రబ్బరు రేకులమీదనే అచ్చొత్తించెను. ఆతనికి రబ్బరు తప్ప లోకమున మరియొక పదార్థము కనబడలేదని చెప్పవచ్చును.

క్లారిస్సా 1853లో ఇంగ్లండుననే మరణించెను. మరుసటి యేడు ఆతడు ఫానీ వార్డెల్ అను నామెను వివాహమాడెను. ఫ్రాన్సులో ఆతని పేటెంటు చట్టపు చిక్కువలన చెల్లక, రాబడి నిలిచిపోయెను; 1855 డిసెంబరులో అప్పులవారు ఆతనిని ప్యారిసునందలి క్లిషీ చెరసాలలో వేయించిరి. ఫ్రాన్సు చక్రవర్తి ఇచ్చిన గౌరవపతకమును కుమారుడు ఆ చెరసాలకే తెచ్చి యిచ్చెను. ఇంగ్లండు న్యాయస్థానములోను ఆ సంవత్సరమే ఆతడు హాన్కాకుపై ఓడిపోయెను. అప్పటికి వాతరోగముచే కఱ్ఱల సాయము లేక నడువలేకుండెను.

1860లో న్యూ హేవెన్‌లో కుమార్తె ప్రాణాపాయ స్థితిలో నున్నదని తెలిసి ఆతడు బయలుదేరెను. న్యూయార్కు చేరునప్పటికి ఆమె మరణవార్త ఎదురువచ్చెను. అక్కడనే పడిపోయి, జూలై 1వ తేదీన కన్నుమూసెను. మిగిల్చిన అప్పు సుమారు రెండు లక్షల డాలర్లు. ఆతని సమాధి న్యూ హేవెన్‌లోని గ్రోవ్ వీథి శ్మశానవాటికలో కలదు. నేడు టైర్లపై కనబడు గుడ్‌ఇయర్ పేరు గల కంపెనీని 1898లో ఒహాయో రాష్ట్రపు ఆక్రన్ నగరమున ఫ్రాంక్ సైబర్లింగ్ స్థాపించెను. ఆతని గౌరవార్థము పేరు పెట్టిరేగాని, ఆ కుటుంబమునకు అందు భాగమెన్నడును లేదు. బిడ్డలలో చార్లెస్ అను తండ్రి పేరు గలవాడు బూట్లు కుట్టు యంత్రములలో ప్రసిద్ధుడాయెను. పుస్తకములు అమ్మివేసిన దినములు గడచి, 1846లో పుట్టిన విలియం హెన్రీ మాత్రము చదువు వైపు మొగ్గి, బ్రూక్లిన్ వస్తుప్రదర్శనశాలలో కళావిభాగమునకు అధికారియై, 1891లో ప్రాచీనుల అలంకారములలోని పద్మమును గూర్చి ఒక పెద్ద గ్రంథమును వెలువరించెను.